చనిపోయినవాళ్లు: ఒకరు

ఫిబ్రవరి 3, సోమవారం

పిల్లి బొటనవేలు విరిగింది.

ఇది జంతువుల డైరీ కాదు. పిల్లి అంటే మా ఆఫీసు సీనియర్ టెస్టర్. నాకంటే పన్నెండేళ్లు పెద్దది, స్కూలుకెళ్లే కూతురుంది, అందుకని గౌరవంగా పిల్లక్క అంటాం. రెండేళ్లుగా మా ఆటలో కొన్ని వేల తలుపులను చప్పుడు కాకుండా మూసిన మనిషి. నిన్న ఇంట్లో బీరువా తలుపు దడాలున వేసిందట. మధ్యలో తన వేలే ఉంది. ఆరు వారాలు కట్టు.

దాంతో చరిత్ర నావైపు తిరిగి చూసింది. నేను ఆ సమయంలో సమోసా ఆకారంలో కాగితం మడుస్తున్నాను.

చరిత్ర కోసం కొన్ని వివరాలు. మా కంపెనీ టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉంది. ఎనిమిది మందిమి. మూడేళ్లుగా ఒకే ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నాం. గడియారాలు బాగుచేసే అమ్మాయి ఒకతె. కోట దొర ఆమె గురువుగారి గడియారం ఎత్తుకుపోయాడు. తొమ్మిది లెవెల్స్ దాటి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. దారి పొడుగునా కాపలావాళ్లు. వాళ్లను దాటడానికి రెండు పద్ధతులు. ఒకటి, ఎవరి కంటా పడకుండా గోడ నీడన, బల్లల కింద, దూలాల మీద పాకుతూ పోవడం. రెండోది, కనపడ్డవాణ్ణి కనపడ్డట్టు పొడుచుకుంటూ పోవడం. లెవెల్ అయిపోయాక తెర మీద మూడు అంకెలు పడతాయి: చూసినవాళ్లు, నిద్రపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు.

మొదటి పద్ధతి టెస్ట్ చేసేది పిల్లక్క. రెండోది నేను. ఆఫీసులో నన్ను కసాయి అంటారు. ఇంటర్వ్యూలో చెప్పలేదు కానీ ఆ ఉద్యోగానికే తీసుకున్నారు. కిందటి నెలాఖరుకు నా మూడో అంకె పదకొండు వేల చిల్లర.

ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. నటులను పెట్టుకునే స్తోమత లేక కాపలావాళ్లందరికీ ఆఫీసువాళ్లమే గొంతులిచ్చాం. అంటే ఏడాదిగా నేను మా బాస్‌ను రోజుకు సగటున నాలుగుసార్లు పొడుస్తున్నాను. సెలవు చీటీతో ఆయన గదిలోకి వెళ్లినప్పుడు కళ్లలోకి చూడలేను.

అదే రోజు, సాయంత్రం 5.20

బాస్ మీటింగ్ పెట్టాడు. ఆటను మార్కెట్లోకి తెచ్చే పెద్ద కంపెనీ నుంచి 28న ఒక మేడమ్ వస్తున్నారు. వాళ్లకు పొడిచే దారి తెగ నచ్చింది. నక్కి వెళ్లే దారి ఎవరాడతారు, దండగ అంటున్నారట. ఒక్క ప్రాణం తీయకుండా ఆట మొత్తం అవుతుందని ఆమె ఎదుట చూపిస్తే ఉంచుతారు. లేదంటే కోసేయాలి. పిల్లక్క అయితే కళ్లు మూసుకుని చూపించేది. కాని ఆమె బొటనవేలిప్పుడు సొరకాయంత ఉంది. ఇక మిగిలిన టెస్టర్‌ను నేనే.

కోసేస్తే పోయేది పిల్లక్క రెండేళ్ల పని. దాక్కునే ప్రతి బల్ల, ప్రతి దూలం, కాపలావాళ్లు చెప్పుకునే ప్రతి కబురు ఆమె కూర్చి పెట్టినవే.

పిల్లక్క మాత్రం ఏమీ అనలేదు. కోసేస్తే నేనెందుకు ఇక్కడ, పొడవడానికి వీడొక్కడు చాలు కదా, వెళ్లిపోతాను అని మాత్రం అంది.

ఏమీ అనలేదని రాయకూడదు. దిద్దుతున్నాను. చాలా అంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

పిల్లక్క నా పక్కన కుర్చీ వేసుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో, రెండో చేతిలో స్కేలు.

మొదటి లెవెల్, గేటు. కాపలావాడు అటు తిరిగి నిలబడ్డాడు. వాడి వెనక నుంచి నడిచి వెళ్లిపోవాలి, అంతే. నడిచాను. పొడిచాను. నేను కాదు, నా బొటనవేలు. దానికి ఏడాది అలవాటు. స్కేలు దెబ్బ పడింది. మళ్లీ నడిచాను. మళ్లీ పొడిచాను. మళ్లీ స్కేలు. వాడు నిన్నేమైనా అన్నాడారా అని అడిగింది. ఏమీ అనలేదక్కా, వీపు చూపించాడంతే అన్నాను. వీపు చూపించినవాళ్లనల్లా పొడిస్తే సిటీ బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారురా అంది.

సాయంత్రానికి లెక్క: ప్రయత్నాలు పదిహేడు, మృతులు పదిహేడు, స్కేలు దెబ్బలు ఇరవై. ఆ మూడు ఎక్కువ దేనికని అడిగితే, రేపు నేను ఆలస్యంగా వస్తాను, ముందే వేసి పెట్టాను అంది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఈ రోజు ఒక్కరినీ చంపలేదు. కరెంటు లేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఒక ఘోరమైన విషయం తెలిసింది. కాపలావాళ్లు మాట్లాడతారు.

మాట్లాడతారని తెలుసు. నేను దగ్గరికి పోగానే ఎవర్రా అది అంటారు, ఆ తర్వాత అయ్యో అంటారు. ఏడాదిగా నేను విన్నది ఆ రెండు మాటలే. ఈ రోజు మూడో లెవెల్లో వంటింటి బల్ల కింద ఇరుక్కుపోయాను. ఇటు ఒకడు, అటు ఒకడు. కదిలితే చూస్తారు. పిల్లక్క కదలకు, నోరు మూసుకుని కూర్చో అంది. కూర్చున్నాను.

ఒకడికి పన్ను నొప్పి. బాస్ గొంతు. రెండోవాడు పీకించుకో అంటాడు. మొదటివాడికి భయం. నీకు భయమా, మీసాలు చూస్తే అలా లేవే అంటాడు రెండోవాడు. మీసాలకేం, వాటికి నొప్పి లేదు కదా అంటాడు మొదటివాడు. అలా నాలుగు నిమిషాలు. చివరికి పొద్దున్నే ఇద్దరూ కలిసి వెళ్లి పన్ను పీకించుకుందామని ఒప్పుకుంటారు. రెండోవాడు చెయ్యి పట్టుకుంటానంటాడు.

నేను బల్ల కింద నవ్వి నవ్వి చేతిలోని కంట్రోలర్ వదిలేశాను. తర్వాత నవ్వు ఆగింది. ఇతగాణ్ణి నేను ఎన్నిసార్లు పొడిచాను? పన్ను నొప్పితో ఉన్నవాణ్ణి?

ఇవన్నీ ఎప్పుడు రాశావక్కా అని అడిగాను. నువ్వు పొడుస్తున్నప్పుడు అంది.

మధ్యాహ్నం బాస్ దగ్గరికి వెళ్లి, సార్ పన్ను ఎలా ఉంది అని అడిగాను. ఆయన ఏ పన్ను అన్నాడు. పర్వాలేదు సార్ అని వచ్చేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

నేను పిల్లక్కను కాలేను. ఒప్పుకుంటున్నాను.

ఆమె ఆడితే కాపలావాళ్లకు గాలి వెళ్లినట్టుంటుంది. చూసినవాళ్లు సున్నా, నిద్రపోయినవాళ్లు సున్నా, చనిపోయినవాళ్లు సున్నా. ఒక్క మనిషిని కూడా తాకదు. నేను వెళితే పెళ్లి ఊరేగింపు వెళ్లినట్టుంటుంది. మూల తిరిగేసరికి ఎవడో ఒకడు ఎదురుపడతాడు. నాకు కంగారు. కత్తి బదులు కర్ర బటన్ నొక్కి నెత్తి మీద ఒక్కటిస్తాను. వాడు పడి నిద్రపోతాడు. దానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ప్రాణం పోలేదు కదా.

కాని పన్ను నొప్పి విన్న దగ్గర్నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. కొట్టినవాణ్ణి అలా రాతి నేల మీద వదిలి పోలేకపోతున్నాను. భుజాన వేసుకుని మోసుకెళ్లి, దగ్గర్లో ఏదైనా మంచమో, గడ్డివామో, కనీసం బెంచీయో చూసి పడుకోబెట్టి, అప్పుడు ముందుకు పోతున్నాను. లెవెల్‌కు ఇరవై నిమిషాలు దీనికే.

పిల్లక్క కాసేపు చూసింది. చూసి చూసి, నువ్వు దొంగవి కాదురా, ఆయావి అంది.

నాలుగు లెవెల్స్ అయ్యాయి. చనిపోయినవాళ్లు: సున్నా, సున్నా, సున్నా, సున్నా. తెరను ఫోటో తీసి అమ్మకు పంపించాను. అమ్మ, పరీక్షల్లోనా అని అడిగింది.

ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం 11.30

అయిదో లెవెల్ సున్నా.

అదే రోజు, మధ్యాహ్నం 3.10

ఆరో లెవెల్. చనిపోయినవాళ్లు: ఒకరు.

నేను ఎవరినీ చంపలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మళ్లీ ఆడాను. కత్తి బటన్ మీద టేపు అంటించి మరీ ఆడాను. చనిపోయినవాళ్లు: ఒకరు.

మళ్లీ. ఒకరు.

పిల్లక్కకు నా మీద నమ్మకం లేదు. తను వాష్‌రూమ్‌కు వెళ్లినప్పుడు అలవాటు కొద్దీ ఒకణ్ణి వేసేసి ఉంటావు, ఒప్పుకో, తిట్టను అంది. నేనొప్పుకోలేదు. తాగుబోతు నేను మానేశానంటే భార్య చూసే చూపు ఒకటుంటుంది. ఆ చూపు చూసింది.

బల్లిగారిని పిలిచాం. ఆయన మా ప్రోగ్రామర్. గోడవైపు తిరిగి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటారు, అందుకా పేరు. వచ్చి అంకెను చూశారు. నన్ను చూశారు. మెషిన్ అబద్ధం చెప్పదు తమ్ముడూ అన్నారు. మళ్లీ గోడవైపు వెళ్లిపోయారు.

పదకొండు వేలమందిని చంపినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. చంపని ఒక్కడి కోసం నేరస్థుణ్ణయ్యాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అమ్మ మీద ఒట్టేశాను. మీ అమ్మ నంబరివ్వు, అడుగుతాను అంది పిల్లక్క.

ఫిబ్రవరి 17, సోమవారం

ఈ రోజు పరిశోధన. ఆరో లెవెల్ అంటే కోట బురుజు. పద్నాలుగు మంది కాపలావాళ్లు. అందరి పేర్లూ బోర్డు మీద రాశాం. పేర్లంటే వాళ్లకు గొంతిచ్చినవాళ్ల పేర్లు, ఎనిమిది మందిమే కాబట్టి కొన్ని రెండేసిసార్లు. లెవెల్ మొత్తం ఆడి, చివర ఆపేసి, పిల్లక్క కట్టు చేత్తోనే తలలు లెక్కపెట్టింది. నిలబడి తిరుగుతున్నవాళ్లు ఏడుగురు. నేను కొట్టి పడుకోబెట్టినవాళ్లు ఏడుగురు ఉండాలి. ఆరుగురే ఉన్నారు.

లేనిది బాబాయి.

బాబాయి మా ఆఫీసు తాళాలు, రిజిస్టర్లు చూసే పెద్దాయన. ఎవరు వచ్చినా సంతకం పెట్టందే లోపలికి రానివ్వడు, పెట్టందే బయటికి పోనివ్వడు. బొంగురు గొంతు. ఆటలో బురుజు మెట్ల దగ్గర కాపలా. తన కాపలావాడు కనపడటం లేదని తెలిసి, పని ఆపి వచ్చి మా వెనక నిలబడ్డాడు. సరిగ్గా వెతకండమ్మా, డ్యూటీ వదిలి పోయే మనిషి కాదు అన్నాడు.

సాయంత్రం దొరికాడు. కోట బయట, పడమటి గోడ కింద, కందకంలో. ఆడేవాళ్లు అటు వెళ్లడానికి దారే లేదు. గోడ ఎత్తు అరవై అడుగులు. బోర్లా పడి ఉన్నాడు.

బాబాయి చాలాసేపు చూశాడు. నన్నెవడో తోసేశాడు అన్నాడు.

అందరూ నావైపు చూశారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

దొరికింది! దొరికింది! దొరికింది!

అన్నం కూడా తినకుండా రాస్తున్నాను. పొద్దున్న రికార్డింగ్‌ను వెనక్కి తిప్పి, ఒక్కో కాపలావాణ్ణి నేను ఎక్కడ పడుకోబెట్టానో చూస్తూ వచ్చాం. బురుజు పైన కాపలావాళ్ల గది ఉంది. అందులో ఆరు మంచాలు. నేను కొట్టేది ఏడుగురిని. ఆరుగురికి ఆరు మంచాలు సరిపోయాయి. బాబాయిది చివరి వంతు. మంచం లేదు. నేనేం చేశాను? గోడవారగా ఉన్న మంచం మీద, మూడో లెవెల్ నుంచి ఈ బురుజుకు డ్యూటీ మారిన పన్ను నొప్పివాడి పక్కన, సర్ది పడుకోబెట్టాను. పడుకోబెట్టి, తలుపు కూడా దగ్గరికి వేసి, మెట్లు దిగాను.

పిల్లక్క ఆపకు, మంచాన్నే చూడు అంది. చూశాం. నేను మెట్లు దిగుతుండగా, మంచం మీద బాబాయి కాస్త వణికాడు. తర్వాత నెమ్మదిగా గోడలోకి దిగాడు. సబ్బుబిళ్ల నీళ్లలోకి దిగినట్టు. అవతల తేలాడు. అరవై అడుగులు.

బల్లిగారు ఈసారి పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం కంపెనీ చరిత్రలో ఇదే మొదలు. విషయం ఇది: ఒకే చోట రెండు శరీరాలను మా ఆట భరించలేదు. ఒకదాన్ని పక్కకు నెట్టేస్తుంది. పక్కన గోడ. గోడ అవతల గాలి.

అంటే బాబాయిని చంపింది నేనే. చోటిచ్చి చంపాను.

మరి ఇది రెండేళ్లుగా ఎందుకు బయటపడలేదు? పిల్లక్క ఎవరినీ తాకదు, కాబట్టి ఎవరినీ పడుకోబెట్టదు. నేను అందరినీ పొడిచేవాణ్ణి, చచ్చినవాణ్ణి మంచమెక్కించే ఆలోచన నాకు రాలేదు. కొట్టి, ఆ తర్వాత జాలిపడే వెధవ ఒకడు పుట్టాల్సి వచ్చింది.

పిల్లక్క నా నెత్తి మీద స్కేలుతో ఒక్కటిచ్చింది. ఈసారి మెల్లగా. నమ్మనందుకు సారీరా అన్నట్టుంది ఆ దెబ్బ. నేను అలాగే తీసుకున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

గొడవ.

బాస్‌కు సులువైన దారి కావాలి. తొమ్మిది రోజులే ఉంది, మోసుకెళ్లడమే తీసేద్దాం అన్నాడు. బల్లిగారు అంతొద్దు, మంచం నిండితే బటన్ పనిచేయకుండా చేస్తాను, గంట పని అన్నారు. అందరూ సరే అన్నారు. నేను చెయ్యి ఎత్తాను. మరి ఏడోవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి అని అడిగాను. నేల మీద అన్నారు. రాతి నేల కదా, చలికాలం కదా లెవెల్లో, బయట మంచు కూడా పెట్టారు కదా అన్నాను.

నవ్వారు. బాస్ కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. కసాయికి జాలి పుట్టిందర్రా అన్నాడు.

పిల్లక్క నవ్వలేదు. లేచి నిలబడింది. నాలాగా ఆడేవాళ్లు ఊరికొకరు ఉంటారు సార్, వాళ్ల కోసమే చేశాను ఇన్నాళ్లూ, తప్పు నాదే అంది. ఈ ఆట కొనేదంతా వీడిలాంటివాళ్లే. నక్కుదామని మొదలుపెడతారు, కంగారు పడతారు, కొడతారు, తర్వాత అయ్యో పాపం అనుకుంటారు. ఆ అయ్యో పాపానికి మన దగ్గర చోటు లేకపోతే రెండోసారి నుంచి పొడవడమే మొదలుపెడతారు. ఏడోవాడికి మంచం కావాల్సిందే అంది.

ఆమె నన్ను పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బల్లిగారు ఏడో మంచం పెట్టడానికి గదిలో చోటు లేదన్నారు. గది పెంచితే బురుజు మారుతుంది, బురుజు మారితే అన్నీ మారతాయి. మంచాలు ఆరే. ఇంకేదైనా చెప్పండి, రేపటిలోగా చెప్పండి అన్నారు.

ఫిబ్రవరి 20, గురువారం, ఉదయం 7.45

అమ్మ కిటికీ దగ్గర మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. నేను టీ తాగుతూ మొత్తం చెప్పాను. గోడలోంచి మనిషి దిగడం దగ్గర అమ్మ మిషన్ ఆపింది. ఒక మంచం మీద ఇద్దరు పడుకోలేకపోవడమేమిట్రా, నువ్వూ అన్నయ్యా పదేళ్లు పడుకోలేదా అంది. అప్పుడు ఎవరూ కింద పడలేదా అని అడిగాను. ఎందుకు పడలేదు, నువ్వే రోజూ పడేవాడివి, నేను వచ్చి మీ అన్నయ్య నడుం మీద ఒక్కటేసి జరగరా అనేదాన్ని, వాడు నిద్రలోనే ఊఁ అని జరిగేవాడు, నిన్ను ఆ సందులో దూర్చేదాన్ని అంది.

సగం టీ వదిలేసి బస్సెక్కాను.

అదే రోజు, ఉదయం 10.15

బల్లిగారికి చెప్పాను. ఏడోవాణ్ణి తెస్తే, మంచం మీదున్నవాడు నిద్రలోనే జరగాలి. అంతే. ఆయన గోడవైపు తిరిగారు. ఇరవై నిమిషాలు కదలలేదు. తర్వాత గోడతోనే అన్నట్టు, జరిగితే సరిపోతుంది అన్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

రికార్డింగ్. స్టోర్‌రూమ్‌లో దుప్పటి కప్పుకుని. పన్ను నొప్పివాడు నిద్రలో ఊఁ అంటూ జరగాలి, అది బాస్. పక్కన చేరినవాడు నిద్రలోనే ఇంకాస్త జరుగు అనాలి, అది బాబాయి. అన్నీ కలిపి మూడు మాటలు.

బాస్ ఒక్కసారికే ఊఁ అనేశాడు. మీటింగుల్లో అలవాటే కదా.

బాబాయి ఇరవై ఆరుసార్లు చెప్పాడు. మొదటి పదిసార్లు చాలా మర్యాదగా అన్నాడు. నిద్రలో మనిషి మర్యాదగా ఉండడు బాబాయ్, ఇంట్లో అన్నట్టు అనండి అంది పిల్లక్క. ఇంట్లో నేనెక్కడ అంటానమ్మా, మీ పిన్ని అంటుంది అన్నాడు. అయితే పిన్ని అన్నట్టు అనండి అంది. ఒక్కసారిగా అనేశాడు. స్టోర్‌రూమ్ అంతా జరిగింది.

ఫిబ్రవరి 26, బుధవారం, సాయంత్రం 4.00

తొమ్మిది లెవెల్స్. చనిపోయినవాళ్లు: సున్నా సున్నా సున్నా సున్నా సున్నా సున్నా సున్నా సున్నా సున్నా.

అన్నీ విడివిడిగా రాశాను. కలిపి రాస్తే తృప్తి లేదు.

చూసినవాళ్లు మాత్రం రెండు వందల పన్నెండు. ఆ అంకె మీద పిల్లక్క కట్టు చెయ్యి అడ్డం పెట్టి ఫోటో తీసింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం, ఉదయం 10.20

వాష్‌రూమ్‌లో నిలబడి రాస్తున్నాను. మేడమ్ వచ్చారు. పొట్టి జుట్టు, పెద్ద వాచీ, చూపంతా వాచీ మీదే. రెండున్నరకు రైలు ఉందట. బాస్ నన్ను చూపించి, మా నిపుణుడు, మీ ఎదుట ఆడి చూపిస్తాడు అన్నాడు. నేను వేళ్లు విరుచుకుని కూర్చోబోయాను. మేడమ్ ఆ కుర్చీలో తానే కూర్చున్నారు.

మీవాడు ఆడితే రావడంలో వింతేముంది, కొనేవాడు మీవాడు కాదు కదా అన్నారు. అన్నిటికంటే కష్టమైనది ఏది, అదొక్కటి నేనే ఆడతాను, నాకు సున్నా వస్తే ఆ దారి ఉంచుతాం, రాకపోతే కోసేద్దాం అన్నారు. బల్లిగారు నిజాయితీపరులు. ఆరు అన్నారు. బాస్ ఆయన కాలు తొక్కడం నేను చూశాను. అప్పటికే ఆలస్యమైంది.



ఉదయం 11.05

ఇది రాయకపోతే పాపం.

మేడమ్ బురుజు మెట్ల దాకా బానే వచ్చారు. మెట్ల మలుపులో బాబాయి, అంటే ఆటలో బాబాయి, ఎదురొచ్చాడు. ఎవర్రా అది అన్నాడు. మేడమ్ అదిరిపడి చేతికందిన బటన్ నొక్కారు. కత్తి. ఆటలో బాబాయి అయ్యో అని కూలిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆమె చెవి పక్కన, అదే బొంగురు గొంతు, అమ్మా, కాస్త ఇక్కడొక సంతకం పెట్టండి అంది.

అసలు బాబాయి. విజిటర్స్ రిజిస్టర్‌తో. పొద్దున హడావిడిలో బాస్ ఆమెను సంతకం లేకుండానే లోపలికి తెచ్చేశాడు. పది నిమిషాలుగా ఓపికగా వెనకే నిలబడ్డాడట.

మేడమ్ కుర్చీలోంచి అడుగు ఎత్తు లేచారు. తెరను చూశారు. బాబాయిని చూశారు. మళ్లీ తెరను. సారీ అండీ అన్నారు, నిజంగానే, చేతులు రెండూ దగ్గర పెట్టుకుని. పర్వాలేదమ్మా, నాకు అలవాటే, వీడు రోజూ చేస్తాడు అని బాబాయి నన్ను చూపించాడు.

బాస్ కళ్లు మూసుకున్నాడు. పిల్లక్క కిటికీ వైపు తిరిగిపోయింది. అయిపోయిందనుకున్నాను.

మేడమ్ సంతకం పెట్టారు. పెన్ను తిరిగిచ్చారు. ఇది వద్దు, మళ్లీ మొదటినుంచి పెట్టండి అన్నారు.

మధ్యాహ్నం 12.50

మేడమ్ నాలుగోసారి ఆడుతున్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పొద్దని పిల్లక్క అందరికీ వేలు చూపించింది, విరిగిన వేలే. మేడమ్ నాలాగే ఆడతారు. కంగారు, కర్ర దెబ్బ, తర్వాత అటూ ఇటూ చూసి, అయ్యో అని గొణుక్కుని, భుజాన వేసుకోవడం. ఒకణ్ణి మంచం మీద పెట్టారు. రెండోవాణ్ణి. మూడోవాడి చెయ్యి మంచం బయటికి వేలాడుతోందని వెనక్కి వెళ్లి మళ్లీ సర్దారు.

పిల్లక్క నా భుజం పట్టుకుంది. కట్టు గట్టిగా గుచ్చుకుంటోంది. నేను కదలలేదు.

మధ్యాహ్నం 2.45

రైలు వెళ్లిపోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయలేదు. బాస్ మాత్రం వాచీ చూసి, చూడనట్టు నటించాడు.

సాయంత్రం 4.30

ఆరోసారి. ఆరు మంచాలూ నిండాయి. మెట్ల దగ్గర బాబాయిని కొట్టారు. కొట్టే ముందు వెనక్కి తిరిగి అసలు బాబాయిని చూశారు. కానివ్వండమ్మా అన్నాడాయన. భుజాన వేసుకుని పైకొచ్చారు. గది తలుపు తీశారు. మంచాలు లెక్కపెట్టారు. గది మధ్యలో బాబాయిని మోస్తూ అలా నిలబడిపోయారు.



గోడవార మంచం దగ్గరికి వెళ్లారు. పన్ను నొప్పివాడి పక్కన దించారు. వాడు నిద్రలో ఊఁ అని జరిగాడు. బాబాయి ఇంకాస్త జరుగు అన్నాడు, పిన్ని గొంతులో.

మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. వాచీ ఉన్న చేత్తో నోరు మూసుకుని, బల్ల మీద వాలిపోయి, భుజాలు ఊగిపోయేలా. ఆ నవ్వు ఆగడానికి ఎంతసేపు పట్టిందంటే, తెర మీద కాపలావాడొకడు రెండుసార్లు తలుపు దాకా వచ్చి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోయాడు.

లెవెల్ పూర్తి చేశారు. చనిపోయినవాళ్లు: సున్నా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భయం. ఆమె ఏమంటారో అని.

ఆమె అంకె వైపు కూడా చూడలేదు. ఆ చివరి ఇద్దరికీ ఒక దుప్పటి కప్పడం కుదురుతుందా అని అడిగారు. బల్లిగారు గోడను చూసి, నాలుగు రోజుల పని అన్నారు. అయిదు తీసుకోండి అన్నారు మేడమ్.

పిల్లక్క స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి, అయిదు నిమిషాల తర్వాత మొహం కడుక్కుని వచ్చింది. ఒరేయ్ ఆయా, పద, టీ తాగుదాం అంది. మేడమ్ కూడా వస్తానన్నారు. తర్వాతి రైలు ఆరున్నరకట. బయటికి వెళ్లేటప్పుడు బాబాయి అందరి చేతా సంతకాలు పెట్టించాడు.

మార్చి 7, శుక్రవారం

దుప్పటి వచ్చింది. నీలం రంగు. బల్లిగారికి ఏడు రోజులు పట్టింది.

ఆగస్టు 17, ఆదివారం

ఆట బయటికొచ్చి పది రోజులు. ఈ ఉదయం ఒక ఫిర్యాదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు, ఆరో లెవెల్లో తొమ్మిది గంటలు కష్టపడి, పద్నాలుగు మందినీ ఒకే మంచం మీద పడుకోబెట్టారు. ఫోటో పంపారు. చనిపోయినవాళ్లు: సున్నా. అందరూ జరిగారు.

ఫిర్యాదు ఏమంటే, పద్నాలుగోవాడి పాదాలకు దుప్పటి చాలలేదట.

బగ్ నమోదు చేశాను. తీవ్రత: అత్యధికం.